ఒక్క రోజు ఎంటీబీ ఎండ్యూరెన్స్ రేస్: సైకిల్, టైరు, బాటిల్ రెడీ చేసుకోవడం

నమస్తే అండి. వాయిస్ క్లియర్‌గా ఉంది కదా, సరే. టేబుల్ మీద ఏమేం ఉన్నాయో ఒకసారి చూసేయండి. సైకిల్ స్టాండ్‌కి ఎక్కించేశాను. ఇది సీలెంట్, అంటే టైరు లోపల పోస్తే రంధ్రాలు పూడ్చే ద్రవం, ఇది ఫ్లోర్ పంపు, ఇది టూల్ సంచి. ఆ పక్కన చక్కెర డబ్బా, ఉప్పు, వంటింటి తూకం మెషీన్. చక్కెర ఎందుకో చివర్లో వస్తుంది.

ఈరోజు సంగతి ఒక్క రోజులో ముగిసే ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్, ఎండ్యూరెన్స్ రేసులు. మట్టి దారి, రాళ్లు, మిట్టలు, పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా తొక్కుడే. అమెరికాలో, కొలరాడోలో లెడ్‌విల్ అని ఒకటి ఉంది. 100 మైళ్లు. ఊరే సముద్ర మట్టానికి 3,000 మీటర్ల పైన ఉంటుంది. 12 గంటల్లోపు వస్తేనే ఫినిషర్ కింద లెక్క, బెల్టు బకిల్ ఇస్తారు. మనం అంత దూరం పోవట్లేదు. తిరుపతిలోనో చిత్తూరులోనో ఉండి, 90 కిలోమీటర్ల రేసుకి పేరిచ్చారు అనుకుందాం.

ముందు లెక్క. పేపరు తీసుకోండి. దూరం 90 కిలోమీటర్లు, ఎక్కుడు 2,200 మీటర్లు, కటాఫ్, అంటే ముగించాల్సిన గడువు, 9 గంటలు. గంటకి పది పోతే సరిపాయె కదా అనిపిస్తుంది. సరిపోదు. ఫీడ్ స్టేషన్లు, అంటే దారిలో తిండి, నీళ్లు ఇచ్చే చోట్లు, ఐదు ఉన్నాయి, ఒక్కోచోట ఆరు నిమిషాలు ఆగారు, అరగంట పోయింది. ఒక పంక్చరు, పావుగంట పోయింది. మిగిలింది ఎనిమిదీ పావు గంటలు. 90ని 8.25తో భాగించండి... 10.9. అంటే చక్రం తిరుగుతున్నంతసేపూ సగటున దాదాపు 11 ఉండాలి. ఇది తెలిస్తే ఫీడ్ స్టేషన్‌లో కుర్చీ వేసుకుని కూర్చోరు. దారి మధ్యలో కూడా కటాఫ్‌లు పెడతారు, వాటి టైములు ఒక తెల్ల టేపు మీద రాసి ఇక్కడ, ఇదిగో, టాప్ ట్యూబ్ మీద అంటించేయండి. పర్మనెంట్ మార్కర్‌తో రాయండి, పెన్నుతో రాస్తే చెమటకి చెరిగిపోతుంది.

గేర్లు. ఇది త్వరగా చెప్పేస్తా. ముందు పెడల్ దగ్గర 32 పళ్ల చైన్‌రింగ్, వెనక పెద్ద కాగ్, అంటే పళ్ల చక్రం, 51 పళ్లు. 29 అంగుళాల చక్రం, నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకి 5.2 కిలోమీటర్లు. వెనక పెద్దది 42 మాత్రమే ఉందనుకోండి, అదే 60కి 6.3 పోవాలి. ఆరో గంటలో, నిట్టనిలువు మిట్ట మీద, ఆ తేడా మోకాలికి తెలుస్తుంది. క్యాసెట్, అంటే వెనక పళ్ల చక్రాల గుత్తి, మార్చడం ఖర్చు. చైన్‌రింగ్ 30కి మార్చడం చవక. నేనైతే 30 వేసేయమంటా. దిగుడులో స్పీడు కొంచెం తగ్గుతుంది, తగ్గనీండి.

ఇంకో మాట. కాళ్లు అలిసి 45కి పడిపోయాయనుకోండి, 32-51 మీద వచ్చేది గంటకి 3.9. దిగి తోసుకుంటూ నడిచినా దాదాపు అంతే. అందుకే అట్లాంటి మిట్టలో మొండిగా తొక్కొద్దు, దిగి నడవండి. ట్రైనింగ్‌లో కూడా సైకిల్ తోస్తూ నడవడం అలవాటు చేసుకోండి. పిక్కలు పట్టేసేది అక్కడే.

చైన్ అరుగుదల గేజ్ పెట్టి చూడండి, 12 స్పీడ్ (వెనక 12 పళ్ల చక్రాలు) అయితే 0.5 శాతం దాటితే మార్చేయండి. బ్రేక్ ప్యాడ్ మందం చూడండి, ఒక మిల్లీమీటరు కంటే తక్కువుంటే మార్చండి. కానీ రేసు ముందు రోజు మార్చొద్దు, కొత్త ప్యాడ్ కుదురుకోడానికి దిగుడులో కొన్నిసార్లు గట్టిగా పట్టి వదలాలి. ఫోర్క్ శాగ్, అంటే మీరు ఎక్కి కూర్చుంటే ముందు సస్పెన్షన్ దిగేది, 20 నుంచి 25 శాతం. బోల్టులు టార్క్ రెంచ్‌తో. ఇవన్నీ మీకు తెలిసినవే, ముందుకు పోదాం.

ఇప్పుడు టైరు. ఇక్కడ ఆగుదాం. మన వైపు మట్టి దారులన్నిటికీ ఒకటే జబ్బు, ముళ్లు. చెరువు కట్టలు, స్వర్ణముఖి గట్లు, మామిడి తోటల కంచెలు, యాడ చూసినా సర్కారు తుమ్మ కంప కొట్టి పడేసి ఉంటుంది. దానికి తోడు పల్లేరు కాయలు. ఇదిగో, దగ్గరగా చూపిస్తా... కనిపిస్తోందా? కాయ ఎట్లా పడినా ఒక ముల్లు పైకే నిలబడుతుంది. ట్యూబు టైరుతో ఇక్కడ తొక్కితే దిక్కుమాలిన గోల. కాబట్టి ట్యూబ్‌లెస్, అంటే లోపల ట్యూబు లేకుండా సీలెంట్ పోసే టైరు.

ఎక్కించడం ఫాస్ట్‌గా చూడండి. పాత సీలెంట్ పెంకు లాగేశా. రిమ్ టేపు బాగుంది. వాల్వ్ పెట్టా. టైరు ఒక వైపు, రెండో వైపు. వాల్వ్ కోర్, అంటే వాల్వ్ లోపలి పిన్ను, తీసి, సిరంజితో 100 మిల్లీలీటర్ల సీలెంట్. బాటిల్ వంచి పోసే వాళ్లున్నారు, నాకు సిరంజే ఇష్టం, నేల పాడవదు, కొలత తెలుస్తుంది. కోర్ పెట్టి పంపు కొట్టండి... టప్. ఇంకోటి... టప్. కూర్చుంది. రిమ్ పక్కన టైరు మీద సన్నటి గీత ఉంటుంది చూడండి, అది చుట్టూ సమానంగా కనిపించాలి. ఎక్కడైనా లోపలికి మునిగితే సబ్బు నీళ్లు రాసి మళ్లీ కొట్టండి. టైరు మీద రాసిన మ్యాగ్జిమమ్ దాటొద్దు. చక్రాన్ని ఊపండి, అటు పక్క పది నిమిషాలు, ఇటు పక్క పది నిమిషాలు పడుకోబెట్టండి. అంతే.

మన ఎండలకి సీలెంట్ రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. రేసుకి వారం ముందు చక్రం చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల కలకల వినపడాలి. వినపడకపోతే 60 మిల్లీలీటర్లు కలపండి.

ప్రెషర్. 70 కిలోల మనిషి, 2.3 అంగుళాల వెడల్పు టైరు, ట్యూబ్‌లెస్: ముందు 20 పీఎస్ఐ, వెనక 23తో మొదలుపెట్టండి. రాయికి రిమ్ తగిలి టంగ్ మంటే ఒకటి పెంచండి. ఒక్కో పంపు గేజ్ ఒక్కో మాట చెప్తుంది, కాబట్టి ఎప్పుడూ ఒకే గేజ్ వాడండి.

రేసులో ముల్లు దిగింది. గాలి పోవట్లేదా? వదిలేయండి, పీకొద్దు, పదండి. బుస్సు మంటోందా? పీకి, ఆ రంధ్రం కిందికి వచ్చేట్టు చక్రం తిప్పి అర నిమిషం ఆగండి. సీలెంట్ పట్టేస్తుంది. పట్టకపోతే స్ట్రిప్, అంటే రంధ్రంలో దూర్చే జిగురు రబ్బరు పట్టీ. సూదిలో ఇట్లా ఎక్కించి, లోపలికి గుచ్చి, బయట ఒక సెంటీమీటరున్నర తోక మిగిలాక, టక్కున లాగండి. మెల్లగా లాగితే స్ట్రిప్ కూడా వెంట వచ్చేస్తుంది. టక్కున.

అదీ నిలబడలేదు, టైరు పక్క గోడ కోసుకుపోయింది. ఇప్పుడు ట్యూబు వేయాలి. చూడండి, రేసులు పోయేది ఈ ఒక్క పని దగ్గరే. ఇంట్లో చేస్తే సులువుగా ఉంటుంది. యాభయ్యో కిలోమీటరు దగ్గర ఉండదు.

ఒకటి, వాల్వ్ నట్. ట్యూబు పెట్టాలంటే ట్యూబ్‌లెస్ వాల్వ్ బయటికి రావాలి. ఇంట్లో ప్లయర్ పెట్టి బిగించి ఉంటే, దాని మీద సీలెంట్ ఎండి ఉంటే, అడవిలో వేళ్లకి అది కదలదు. ఇప్పుడే వెళ్లి వేళ్లతో తిప్పి చూడండి. వీడియో ఆపండి, పర్లేదు. రాకపోతే ఈరోజే విప్పి, శుభ్రం చేసి, వేళ్లతోనే బిగించండి. గాలి కారకుండా చూసేది లోపలి రబ్బరు, నట్ కాదు.

రెండు, టైరు అంచు. రిమ్‌కి అతుక్కుపోయి ఉంటుంది. టైరు ఎత్తే లివర్ పెట్టి బలం చేస్తే లివర్ విరుగుతుంది. రిమ్ మధ్యలో పల్లం ఉంటుంది, ఇదిగో ఈ గాడి. రెండు బొటనవేళ్లతో అంచుని చుట్టూ నొక్కుతూ ఆ గాడిలోకి దించండి. రెండు వైపులా. అప్పుడు వాల్వ్‌కి ఎదురు పక్క లివర్ పెట్టండి, వెన్నలా వస్తుంది.

మూడు, ఇది అసలైంది. మెల్లగా వినండి. మీ టైరులో ఇప్పటికే ముళ్లు ఉన్నాయి. పది కూడా ఉండొచ్చు. ఇన్నాళ్లూ దిగిన ప్రతి ముల్లునీ సీలెంట్ చుట్టుముట్టి గాలి ఆపింది, మీకు తెలియదు. వాటి మొనలు లోపలికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పొడుచుకుని ఉంటాయి. ఇప్పుడు ట్యూబు పెట్టి గాలి కొట్టారనుకోండి, ఆ మొనలన్నీ ట్యూబులో దిగుతాయి. రెండు కిలోమీటర్లలో మళ్లీ ఫ్లాట్. ఉన్న ఒక్క ట్యూబూ పోయింది. ట్యూబు నాసిరకం అని తిట్టుకుంటారు. పాపం ట్యూబుది తప్పు లేదు.

కాబట్టి ముందు లోపల గుడ్డతో తుడవండి, తడి ఉంటే మొనలు కనపడవు. తర్వాత ఉత్త వేలితో కాదు, గుడ్డతోనే, మెల్లగా చుట్టూ పాకించండి. మొన ఉన్నచోట దారం పట్టుకుంటుంది... ఇదిగో, చూశారా, పట్టుకుంది. దీన్ని బయటి నుంచి గిల్లితే పైన విరిగి మొన లోపలే ఉండిపోతుంది. లోపల నుంచి బయటికి తోయండి. మల్టీటూల్‌లో చిన్న అలెన్ కీ చాలు. తోసి, బయట పట్టుకుని లాగేయండి. ఒక చుట్టు అయ్యాక ఎదురు దిశలో ఇంకో చుట్టు. రెండో చుట్టులో తప్పకుండా ఒకటి దొరుకుతుంది. కోసుకుపోయిన చోట లోపల ఒక ముక్క, పాత టైరు ముక్కో, మందపాటి ప్లాస్టిక్కో, అడ్డం పెట్టండి, లేకపోతే ట్యూబు బయటికి ఉబ్బుతుంది.

నాలుగు, ట్యూబులో కొంచెం గాలి కొట్టి గుండ్రంగా చేసి పెట్టండి. టైరు అంచు ఎక్కించడం వాల్వ్‌కి ఎదురుగా మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించండి. వాల్వ్‌ని ఒకసారి లోపలికి తోసి వదలండి, అంచు కింద ట్యూబు నలగకుండా. ట్యూబుతో ప్రెషర్ ఐదారు పెంచాలి, 26-28, లేదంటే రాయి దెబ్బకి రిమ్ కొరికేస్తుంది.

గాలికి సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) డబ్బీ వాడితే 16 గ్రాములది ఈ సైజు టైరుకి చాలదు, 25 గ్రాములది పెట్టుకోండి. నా ఓటు చేతి పంపుకే. బరువే కానీ అయిపోదు.

ఇంట్లో రెండుసార్లు చేయండి, సీలెంట్ ఉన్న టైరు మీదే. పది నిమిషాల్లో అవ్వాలి. మీ పావుగంట ఇదే.

సంచిలో: ట్యూబు, స్ట్రిప్‌లు, రెండు లివర్లు, పంపు, చైన్ టూల్ ఉన్న మల్టీటూల్, మీ చైన్ కంపెనీదే 12 స్పీడ్ క్విక్ లింక్ (తెగిన చైన్ కలిపే లింకు), జిప్ టైలు. డీరైలర్ హ్యాంగర్, అంటే వెనక గేరు మార్చేదాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క, తప్పనిసరి. అది ఫ్రేముకి ఫ్రేముకి వేరు, పక్కోడిది మీకు పట్టదు.

ట్రైనింగ్ గురించి రెండు మాటలు. ఎక్కుడు కావాలంటే మదనపల్లె వైపు హార్స్‌లీ హిల్స్ ఘాట్ ఉంది, ఒకే రోజు మళ్లీ మళ్లీ ఎక్కండి, సైకిల్ కంప్యూటర్‌లో 2,000 మీటర్లు అయ్యేదాకా. రేసుకి మూడు వారాల ముందు అట్లాంటిది ఒకటి అయిపోవాలి. భాకరాపేట ఘాట్‌లో లారీల మధ్య మాత్రం వద్దు. శేషాచలం అడవి లోపలికి ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ లేకుండా అస్సలు వద్దు. నేషనల్ పార్కు, ఎర్రచందనం, చిరుతలు, ఏ లెక్కన చూసినా కుదరదు. మట్టి కావాలంటే చంద్రగిరి చుట్టుపక్కల చెరువు కట్టలు చాలు. రేసు ఎండలో అయితే చివరి రెండు వారాలు కొన్ని రైడ్‌లు పొద్దున తొమ్మిది తర్వాత చేయండి, ఒంటికి వేడి అలవాటు కావడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది.

ఇప్పుడు చక్కెర. గంటకి 60 గ్రాముల కార్బ్స్, అంటే కార్బోహైడ్రేట్లు, లోపలికి పోవాలి. 750 మిల్లీలీటర్ల బాటిల్. తూకం మీద పెడదాం... 45 గ్రాముల చక్కెర. ఉప్పు పావు టీస్పూను, అంటే గ్రామున్నర. సగం నిమ్మకాయ. ఊపండి. ఎండలో గంటకి ఇది ఒకటి. దాంతో మూడు చిన్న ఖర్జూరాలు, ఇంకో పదిహేను గ్రాములు. 60 అయిపోయింది. ఓఆర్ఎస్ ప్యాకెట్ కలుపుకుంటే చాలదా అని అడుగుతారు. దాంట్లో గ్లూకోజ్ లీటరుకి 13.5 గ్రాములే, అది విరేచనాలకి చేసింది, మిట్టలు ఎక్కడానికి కాదు. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఈ లెక్క డాక్టరుని అడిగాకే.

వీపుకి తగిలించుకుని పైపుతో తాగే నీళ్ల సంచిలో మాత్రం ఉత్త నీళ్లు. తీపి పోస్తే ఆ పైపు కడగలేక చస్తారు.

ఉత్త నీళ్లే లీటర్లకి లీటర్లు తాగడం ప్రమాదం. రక్తంలో సోడియం పడిపోతుంది, తలనొప్పి, వాంతి, అయోమయం. లాంగ్ రైడ్‌కి ముందు, తర్వాత బరువు చూసుకోండి. కొంచెం తగ్గితే మామూలే. పెరిగిందంటే ఎక్కువ తాగారు.

ముందు రోజు రాత్రి తెల్లన్నం తినండి. రాగి సంగటి రేసు అయ్యాక, పీచు ఎక్కువ, పొద్దున కడుపు ఊరుకోదు. రేసుకి మూడు గంటల ముందు ఇడ్లీ, చక్కెరతో. కారప్పొడి నెయ్యి ఆరోజుకి పక్కన పెట్టండి. ఎనర్జీ జెల్ ఏదైనా వాడాలనుకుంటే ట్రైనింగ్‌లో తిని చూసిందే.

స్టార్ట్‌లో అందరూ ఎగబడతారు. మొదటి మిట్టలో పక్కవాడితో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలుగుతున్నారా? అదే మీ స్పీడు. మాట తెగిపోతుంటే ఒక గేర్ దించండి. మొదటి ముప్పావు గంటకే తినడం మొదలుపెట్టండి, ఆకలేసేదాకా ఆగితే ఆలస్యమే. వాచీలో ఇరవై నిమిషాలకోసారి అలారం పెట్టుకోండి.

ఆఖరుకి నెంబర్ ప్లేటు. జిప్ టై బ్రేక్ హోసు (బ్రేకు ఆయిల్ పైపు) మీద నుంచి వేయొద్దు, ఇట్లా, హ్యాండిల్ బార్‌కి మాత్రమే. వేశాక హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూడండి... హోసు లాగట్లేదు కదా. తోకలు కత్తిరించేయండి, చేతికి గీసుకుంటాయి.