చెవితో జబ్బు పట్టే మెకానిక్ ముందు చప్పుడు లేని బండి

[దృశ్యం: శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్. వరసగా ఆటోలు]

ఇరవై ఏళ్లుగా ఆటోలు బాగుచేస్తున్న మెకానిక్‌ని గమనించారా? బండి షెడ్డు ముందు ఆగకముందే క్లచ్చో, బేరింగో చెప్పేస్తాడు. చెవే ఆయన చదువు. ఇప్పుడు కరెంటు ఆటో వచ్చి నిలబడింది. ఇంజనే లేదు, ఇక చప్పుడెక్కడిది?

[దృశ్యం: మోటారు వైర్లు, దగ్గరగా]

బండి కదలబోయి కుదుపులిస్తోంది. ఇలాంటప్పుడు ముందు చూడాల్సినవాటిలో హాల్ సెన్సర్ ఒకటి. మోటారు ఏ స్థితిలో ఉందో, దానికి కరెంటు పంపే కంట్రోలర్‌కి చెప్పేది అదే. సాధారణంగా దాన్నుంచి ఐదు సన్నని వైర్లు వస్తాయి, రెండు కరెంటుకి, మూడు సిగ్నల్‌కి. తాళం ఆన్‌లో ఉంచి, వోల్టేజి కొలిచే మల్టీమీటర్ పెట్టి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాలి. సిగ్నల్ వైరు మీద అంకె సున్నా దగ్గరికి దిగుతూ, మళ్లీ ఎక్కుతూ ఉండాలి. ఏ వైరు మీద అంకె కదల్లేదో జబ్బు అక్కడుంది.

ఒక పూటలో నేర్చుకోగలిగిన పని ఇది. చూపించేవాడు మాత్రం మొన్ననే ఐటీఐ నుంచి బయటికొచ్చిన కుర్రాడు. మనవాడికి కాళ్లు ఆగిపోయేది అక్కడే. "ఈ వయసులో గుంటడి దగ్గర నేర్చుకోవాలేటి?"

మగవాళ్లని వెనక్కి లాగుతున్నది ఈ మాటేనని నా గట్టి నమ్మకం. ఇంటి పెద్దకి అన్నీ తెలిసుండాలని చిన్నప్పట్నుంచీ నూరిపోశాం. తెలీదంటే పరువు పోతుందని ఊరుకుంటాడు. గిరాకీ పక్క షెడ్డుకి పోతుంది.

[దృశ్యం: గిడుగు రామమూర్తి గారి ఫొటో]

గిడుగు వారు మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలిసిందే. సవర భాష సంగతి చూడండి. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ దాన్ని నేర్చుకోవాలనుకున్నారు. చదువుకోడానికి పుస్తకాల్లేవు. నేర్పగలిగినవాళ్లు కొండమీది సవరలు, పట్నంలో చాలామంది చిన్నచూపు చూసిన మనుషులు. వాళ్ల ముందే పంతులుగారు శిష్యుడయ్యారు. సవర, తెలుగు రెండూ వచ్చినతన్ని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. మన్యంలో తిరిగితే మలేరియా వచ్చింది, వాడిన క్వినైన్‌తో వినికిడి పోయింది. మాట విని రాసుకునే మనిషికి చెవులు పోవడమంటే ఎంత కష్టమో ఆలోచించండి! అయినా పని వదల్లేదు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయ్యేనాటికి డెబ్భైకి దగ్గరపడ్డారు.

[దృశ్యం: సాయంత్రం, షెడ్డు]

నలుగురిలో అడగలేకపోతే షెడ్డు కట్టేసే వేళ అడగండి. "బాబూ, ఈ వైర్లేటో ఓపాలి చూపించవా?" అంటే చాలు. మీకు తెలిసిన క్లచ్ పని వాడికి నేర్పండి, వాడికీ అది కావాలి.

పదో తరగతి మధ్యలో ఆపేసినవాళ్లు చాలామంది ఉన్నారు. చాలా కోర్సుల్లో ముందు అడిగేది ఆ సర్టిఫికెట్టే. మన సార్వత్రిక విద్యాపీఠంలో, అదే ఓపెన్ స్కూల్లో, పదికి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసు పరిమితి లేదు. దగ్గర్లో ఓపెన్ స్కూల్ సెంటరున్న హైస్కూలుకెళ్లి ఫారం ఎప్పుడిస్తారో కనుక్కోండి. ఆన్‌లైన్‌లో నింపడం రాకపోతే ఇంట్లో అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, మీ చేత్తోనే టైపు చెయ్యండి.