అంబాసిడర్‌కి ప్రైమర్ ముందు పని: వైజాగ్ ఉప్పుగాలిలో ఏ పద్ధతి నిలుస్తుంది?

నమస్తే అండీ. గాజువాక ఆటోనగర్‌లో ఉన్నాం. ఇదిగో, పాత అంబాసిడర్. డోర్లు, బానెట్, డిక్కీ ఊడదీసేశాం. ఇవాళ రివ్యూ రంగు గురించి కాదు, ప్రైమర్, అంటే రంగు కింద రేకుకి వేసే మొదటి పూత, కొట్టేలోపు పాత పెయింటు, తుప్పు తీసే పద్ధతుల గురించి.

ముందు పెయింట్ రిమూవర్, అంటే పాత పెయింటుని మెత్తబరిచి ఊడగొట్టే కెమికల్. బానెట్, రూఫ్ లాంటి వెడల్పాటి రేకులకి నా ఓటు దీనికే. రేకు వేడెక్కదు, వంకర పోదు. కాకపోతే అతుకుల్లో, మడతల్లో కెమికల్ మిగిలితే తర్వాత ప్రైమర్ పొంగి లేచిపోతుంది. అందుకే అంచుల దగ్గర రిమూవర్ రాయకుండా చేత్తో ఎమరీ పేపర్ పట్టండి.

శాండ్‌బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో గరుకు రేణువుల్ని రేకు మీద కొట్టడం, అయితే బండి అడుగు భాగానికి, వీల్ ఆర్చ్‌లకి చాలా బాగుంటుంది. బానెట్ మీద మాత్రం దయచేసి వద్దు. ఆ దెబ్బలకి పల్చటి రేకు సాగి అలలు తేలుతుంది. మామూలు ఇసుకతో కొట్టే చోటికీ వెళ్లకండి, ఆ దుమ్ముతో పనివాళ్లకి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. గార్నెట్ అనే గట్టి ఖనిజం రేణువులు అడగండి, మన ఉత్తరాంధ్ర తీరం ఇసుకలోనే ఉందది.

ఇక రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పు మీదే రాసే కెమికల్. రాయగానే తుప్పు నల్లబడుతుంది, చూడ్డానికి పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ సముద్రం పక్కన తిరిగిన బండికి తుప్పు గుంటల్లో ఉప్పు దాగి ఉంటుంది. కన్వర్టర్ దాన్ని బయటికి తీయదు. ప్రైమర్ కింద ఆ ఉప్పు తేమని లాక్కుంటుంది, పెయింటు బుడగలు కడుతుంది. మన ఊళ్లో దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దంటాను. గుంటలు శుభ్రంగా గీకి, మంచినీళ్లతో మళ్లీ మళ్లీ కడిగి, వెంటనే బ్లోయర్‌తో ఆరబెట్టండి. తుప్పు తీయడానికి ఫాస్ఫారిక్ యాసిడ్ వాడితే అదీ పూర్తిగా కడిగేయాలి, లేకపోతే ఎపాక్సీ ప్రైమర్ పట్టదు.

డోర్ల కింద పెట్టెలా ఉండే ఈ భాగం చూడండి. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ లేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ నుంచి వచ్చిన మోనోకాక్ బాడీ ఇది, కాబట్టి ఇక్కడి రేకే బండి బరువు మోస్తుంది. స్క్రూడ్రైవర్ పొడిస్తే లోపలికి దిగిందా, కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. పుట్టీతో మూసేస్తామనేవాళ్లకి బండి ఇవ్వకండి. లోపల మనుషులు కూర్చుంటారండీ.

పుట్టీ అంటే గుర్తొచ్చింది: దాని మీద నీళ్లతో వాటర్ పేపర్ రుద్దే అలవాటు చాలా షెడ్లలో ఉంది. పుట్టీ ఆ నీళ్లు పీల్చేస్తుంది. పొడిగానే రుద్దమనండి.

రేకు తేలాక రాత్రంతా అలా వదలొద్దు. ఈ గాలికి తెల్లారేసరికి ఎర్రపొర కడుతుంది. గ్రీజ్ రిమూవర్‌ని ఒక గుడ్డతో రాసి, ఆరకముందే ఇంకో పొడిగుడ్డతో తుడవండి. ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోకండి. గాలిలో తేమ 85 శాతం దాటితే ప్రైమర్ కొట్టే స్ప్రే గన్ పట్టొద్దు. తెల్లవారుజామున అసలు వద్దు, ఎండెక్కి రేకు మీద చెమ్మ పోయాక మొదలుపెట్టండి. ఎపాక్సీలో హార్డెనర్ కలిపాక డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, అప్పుడు గన్‌లో పోయండి.