మామిడి తోటలో ఏడు పెంకులాట: ఇంటిల్లిపాదీ ఆడేలా

నమస్కారం అండీ. ఇది చిత్తూరు దగ్గర మా తాత తోట. వేసవి సెలవులు ఇవ్వగానే బెంగళూరు, చెన్నై, తిరుపతి నుంచి అందరం ఇక్కడికే చేరతాం. సాయంత్రం అయిదు దాటితే ఏడు పెంకులాట. ఎండ దిగకముందు వద్దు, మే నెలలో మా వైపు నలభై డిగ్రీలు మామూలే.

ముందు పెంకులు. ఇదిగో, పాత ఇంటి పెంకు ముక్క. అంచు చూడండి, కత్తిలా ఉంది. గరుకు రాయి మీద కాసిన్ని నీళ్ళు పోసి ఇలా రుద్దాలి. ఎర్ర బురద కారుతుంది, కారనివ్వండి. వేలితో తడిమితే గీసుకోకూడదు, అప్పుడే ఆపాలి. కింద పెట్టేది అరచేతంత, పైది బిస్కెట్టంత. బాత్రూం టైల్స్ ముక్కలు మాత్రం వద్దు, నున్నగా ఉండి పేర్చేలోపే జారిపోతాయి.

బేనీషా (బంగినపల్లి) కోత అయిపోయిన వరుసల మధ్య ఆడండి. పక్క వరుసలో తోతాపురి ఇంకా చెట్టు మీదే ఉంది. బంతి తగిలి కాయ రాలితే తాత ఊరుకోడు, సొన మీద పడితే చర్మం పొక్కుతుంది.

పెంకులు పేర్చి చుట్టూ గీత గీయండి. పెద్దలు పదిహేను అడుగుల నుంచి, పిల్లలు ఎనిమిది అడుగుల నుంచి విసరాలి. మనిషికి మూడు ఛాన్సులు. పడగొట్టిన జట్టే మళ్ళీ పేర్చాలి. ఆలోపు ఎదుటి జట్టు బంతితో కొడితే, తగిలిన మనిషి అవుట్. ఏడూ నిలబెడితే పాయింట్. మోకాలి కిందే కొట్టాలన్నది మా ఇంటి రూలు. అవ్వ కుర్చీలో కూర్చునే పేరుస్తుంది, ఆమెను ఎవరూ కొట్టకూడదు. అందుకే రెండు జట్లూ ఆమె కోసం కొట్లాడుకుంటాయి.

జట్లు ఊరు వారీగా వేయకండి, చీకటి పడినా గొడవ తెగదు. బావామరదళ్ళను మాత్రం ఎదురెదురుగా పెట్టండి. ఊపంతా అక్కడే!

బంతి పాత టెన్నిస్ బంతి చాలు. పోయినేడు మా చిన్నాయన గట్టి రబ్బరు బంతి తెచ్చాడు. మొదటి విసురుకే అది ఎగిరి నేరుగా ఊరిబిండి (చెనిక్కాయల, అంటే వేరుశనగ పచ్చడి) గిన్నెలో పడింది. ఆ రాత్రి సంగటిలోకి ఉత్త పులుసే. ఓడిన జట్టు చెనిక్కాయలు ఒలవాలన్న శిక్ష అప్పుడు పెట్టిందే.

సరే, విసురుతున్నా. అవ్వా, కుర్చీ కాస్త వెనక్కి!