తాళం చెవి ఇచ్చి వెళ్ళండి

నమస్కారమండీ. ఈ పావుగంట ఉద్యోగం మానేయడం గురించి మాట్లాడుకుందాం. చేరడం గురించి చెప్పేవాళ్ళు బోలెడు మంది ఉన్నారు, అమీర్‌పేటలో మెట్టుకో బోర్డు కనిపిస్తుంది, రెజ్యూమె ఎలా రాయాలి, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, జీతం ఎంత అడగాలి, అన్నిటికీ కోచింగే. మానేయడం ఎలాగో మాత్రం ఎవరూ నేర్పరు. నాకూ ఎవరూ నేర్పలేదు, అందుకే మొదటిసారి చాలా దరిద్రంగా మానేశా.

2006 సంక్రాంతి అది. విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ షాపులో బిల్లింగ్ చేసేవాణ్ణి, నెలకి 2,800 జీతం, తెనాలి నుంచి పాసింజర్‌లో రోజూ వచ్చిపోయేవాణ్ణి. హైదరాబాద్‌లో మా పెద్దమ్మ కొడుకు ఏదో ఉద్యోగం చూసి పండగ అవ్వగానే వచ్చెయ్ అన్నాడు. షావుకారు గారికి చెప్పాలంటే భయం. ఆయన తిడతారని కాదు, "ఏరా అబ్బాయ్, నేనేం తక్కువ చేశానురా" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు, అదీ భయం. అందుకని భోగి ముందు రోజు సాయంత్రం అందరితో పాటు పండగ మామూలు 500, ఒక స్వీట్ బాక్సూ తీసుకుని, నవ్వుకుంటూ వచ్చేశా. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ముక్కనుమ నాడు బస్సెక్కేశా.

హైదరాబాద్‌లో దిగి బ్యాగ్ సర్దుకుంటుంటే పక్క జేబులో నీలం దారం కట్టిన తాళం చెవి. ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్‌ది. దాని డూప్లికేట్ అంతకుముందే పోయింది, ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, ఎందుకంటే పోగొట్టింది కూడా నేనే. అవతల షాపు తెరిచారు, హాస్పిటల్ కుర్రాడు ఐస్ బాక్స్ పట్టుకుని నిలబడ్డాడు, ఫ్రిజ్ తెరుచుకోదు. చివరికి తాళం పగలగొట్టించారట. ఇంటికి ఫోన్ చేసి షావుకారు గారు ఒకటే మాట అన్నారు, "పోతే పోయాడు, తాళం చెవి ఇచ్చి పోవచ్చుగా". నేను ఆ తాళం చెవిని తెలిసినవాళ్ళతో తెనాలి పంపిస్తే మా నాన్న రైలెక్కి వెళ్ళి ఇచ్చొచ్చాడు, అప్పటికి దానితో ఎవరికీ పనిలేదు, అయినా వెళ్ళాడు. నన్ను ఏమీ అనలేదు. "ఇచ్చొచ్చాను రా" అన్నాడు, అంతే. నాలుగు తిట్లు తిట్టినా బావుండేది.

మూడేళ్ళ తర్వాత ఇంకో కంపెనీలో ఆఫర్ వచ్చింది, వాళ్ళు పాత ఉద్యోగాలన్నిటికీ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు అడిగారు. ఇంక తప్పదు కదా, వెళ్ళా. ఏరు దాటి తెప్ప తగలేసినవాణ్ణి మళ్ళీ అదే రేవుకి వెళ్ళి నిలబడ్డా అన్నమాట. ఆయన లెటర్‌హెడ్ తీసి చేత్తోనే రాసిచ్చారు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశాడు, పని బాగా చేశాడు అని. తలెత్తి చూద్దును కదా ఆయన వెనక గోడకి మేకు, మేకుకి కొత్త తాళం చెవి, పైన అట్టముక్క మీద "ఇన్సులిన్ ఫ్రిజ్, ఇక్కడే ఉంచవలెను" అని రాసి ఉంది. అది నా జ్ఞాపకార్థమే.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీకి పేరోల్, అంటే జీతాల లెక్కలు చూస్తా. మానేసేవాళ్ళ ఫైళ్ళన్నీ ఆఖరికి నా టేబుల్ మీదకే వస్తాయి. అందులో నేను చూసే మొదటి తప్పు ఏంటంటే, చాలామంది నోటితో చెప్పి చెప్పేశాం అనుకుంటారు. "టీ తాగుతుంటే మేనేజర్‌తో అన్నాను సార్, సరే చూద్దాం అన్నాడు" అంటారు. ఆ "సరే చూద్దాం"కి తేదీ లేదండీ. నోటీస్ పీరియడ్, అంటే మానేస్తానని చెప్పాక ఇంకా పనిచేయాల్సిన రోజులు, మొదలయ్యేది మీరు మెయిల్ పెట్టిన రోజు నుంచి, పోర్టల్ ఉంటే పోర్టల్‌లో బటన్ నొక్కిన రోజు నుంచి. కాబట్టి ముందు మేనేజర్‌కి మొహం మీదే చెప్పండి, ఆయనకి వేరేవాళ్ళ నుంచి తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు, చెప్పిన అరగంటలో మెయిల్ పెట్టెయ్యండి.

ఆ మెయిల్ కూడా నాలుగు లైన్లు చాలు. నేను రాజీనామా చేస్తున్నాను, నా ఆఫర్ లెటర్ ప్రకారం నోటీస్ ఇన్ని రోజులు, దాని లెక్కన నా ఆఖరి పనిదినం ఫలానా తేదీ, పని అప్పగించడానికి ఎవరిని కేటాయిస్తారో చెప్పండి. అంతే. కొంతమంది రెండు పేజీలు రాస్తారు, ప్రమోషన్ ఇవ్వలేదనీ, ఫలానా టీమ్ లీడ్ తన ఐడియా కొట్టేశాడనీ. నిజమే అయ్యుండొచ్చు, కానీ ఆ మెయిల్ మీ ఫైల్లో పదేళ్ళుంటుంది, రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి ఎవరో ఫోన్ చేస్తే ఆ ఫైలే తెరుస్తారు. నిజంగా వేధింపు జరిగి ఉంటే అది వేరే కంప్లెయింట్‌గా, వేరే మెయిల్‌గా, వేరే తేదీతో ఉండాలి, రాజీనామాలో కలపకూడదు. మెయిల్ పెట్టేప్పుడు మీ సొంత ఐడీకి కూడా ఒక కాపీ పెట్టుకోండి, ఆఫీస్ మెయిల్ ఆఖరి రోజు సాయంత్రానికల్లా మూసేస్తారు, తర్వాత ఋజువు చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

ఇంక నోటీస్ రోజుల సంగతి. మా తాతగారింట్లో పాలేరు ఏడాది లెక్కన కుదిరేవాడు, ఉగాదికి లెక్క చూసుకునేవాళ్ళు, వచ్చే ఏడు రాననుకుంటే ముందే చెప్పేవాడు, ఎందుకంటే ఆసామి ఇంకొకణ్ణి వెతుక్కోవాలి. నోటీస్ పీరియడ్ అసలు ఉద్దేశం అంతే. కానీ మన ఐటీ కంపెనీల్లో అది 90 రోజులు అయి కూర్చుంది. పైగా విచిత్రం చూడండి, ఏ కంపెనీ అయితే మానేసేవాణ్ణి 90 రోజులు కట్టేస్తుందో అదే కంపెనీ ఉద్యోగ ప్రకటనలో "ఇమ్మీడియట్ జాయినర్స్ ఓన్లీ" అని వేస్తుంది! నాకైతే ఇది అన్యాయం అనే అనిపిస్తుంది, జీతాలు లెక్కేసేవాణ్ణి అయ్యుండీ చెప్తున్నా.

దీనికి దారి బైఅవుట్. మిగిలిన రోజులకి డబ్బు కట్టి ముందే వెళ్ళిపోవడం. ఇక్కడ ఆఫర్ లెటర్ తీసి ఒక్క ముక్క చూడండి, ఆ డబ్బు బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) మీదా గ్రాస్ (అన్నీ కలిపిన జీతం) మీదా అని. బేసిక్ 30,000, గ్రాస్ 65,000 ఉన్నవాడికి రెండు నెలల బైఅవుట్ అంటే ఒక లెక్కలో 60,000, ఇంకో లెక్కలో లక్షా ముప్పై వేలు. కొత్త కంపెనీ తిరిగిస్తానంటే ఆ మాట ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి, హెచ్ఆర్ అమ్మాయి ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. ఒకప్పుడు ఈ నోటీస్ డబ్బు మీద జీఎస్టీ కూడా వేసేవాళ్ళు కొందరు, అక్కర్లేదని 2022 ఆగస్టులో కేంద్రం సర్క్యులర్ ఇచ్చేసింది.

"మేం రిలీవ్ చెయ్యం, ఎలా వెళ్తావో చూస్తాం" అని బెదిరిస్తారు కొందరు. కూర్చోబెట్టి పని చేయించడం ఎవరివల్లా కాదండీ. వ్యక్తి చేసే పనిని కోర్టు బలవంతంగా చేయించదు, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆ మాటే చెప్తుంది. కాకపోతే డబ్బు అడగొచ్చు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో మూడేళ్ళు పనిచేయకుండా వెళ్తే 2 లక్షలు కట్టాలన్న బాండ్ చెల్లుతుందని చెప్పింది. కాబట్టి బాండ్ అంటే ఉత్త కాగితం అని స్నేహితులు చెప్తే నమ్మేయకండి, సంతకం పెట్టేముందే చదవండి. అలాగని మానేశాక ఫలానా కంపెనీలో రెండేళ్ళు చేరకూడదు అని రాయించుకుంటారే, దానికి మాత్రం మన దేశంలో పెద్దగా బలం లేదు, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ అడ్డొస్తుంది. పాత కంపెనీ రహస్యాలు పట్టుకెళ్ళడం మాత్రం వేరే సంగతి, అది తప్పే.

పేపర్ వేశాక, అంటే రాజీనామా ఇచ్చాక, ఇంకోటి జరుగుతుంది. మూడేళ్ళుగా పైసా పెంచనివాడు సాయంత్రానికి ముప్పై శాతం పెంచుతానంటాడు. ఉండిపోయినవాళ్ళని చాలామందిని చూశా, ఏడాది తిరక్కుండా వాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ నా టేబుల్ దగ్గరికే వచ్చారు. ఇది నా టేబుల్ లెక్క మాత్రమే, సర్వే ఏం కాదు.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది, పొమ్మనలేక పొగబెట్టడం. ప్రాజెక్ట్ ఇవ్వరు, సీటు మారుస్తారు, ఒకరోజు గదిలోకి పిలిచి "నువ్వే రిజైన్ చేస్తే నీకే మంచిది" అంటారు. అక్కడికక్కడ సంతకం పెట్టకండి. ఇంటికెళ్ళి ఆలోచించుకుని రేపు చెప్తానండి అనండి. వాళ్ళు తీసేయడానికీ మీరు మానేయడానికీ మీకొచ్చే డబ్బులో తేడా ఉంటుంది, వాళ్ళకి అది తెలుసు కాబట్టే మీచేత రాయించుకుంటున్నారు.

డబ్బు అన్నాను కాబట్టి గ్రాట్యుటీ గురించి, అంటే ఏళ్ళ తరబడి పనిచేసి వెళ్ళేవాళ్ళకి కంపెనీ ఇవ్వాల్సిన మొత్తం గురించి, కాస్త నిదానంగా చెప్తా, ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే. పర్మనెంట్ ఉద్యోగికి అయిదేళ్ళ సర్వీసు నిండాలి. లెక్క ఏంటంటే నెల జీతంలో బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్ళయితే అన్నేళ్ళతో మళ్ళీ గుణించాలి. బేసిక్ 26,000 అనుకోండి, పదిహేను రోజులది 15,000, ఆరేళ్ళకి 90,000. మొన్నామధ్య ఒకాయన నాలుగేళ్ళ ఏడు నెలలకి పేపర్ వేశాడు. ఇంకో అయిదు నెలలుంటే వచ్చేది కదా బాబూ అంటే "అదేంటి సార్, అలాంటిది ఒకటుందా" అన్నాడు. ఎంబీఏ చదివిన మనిషి. నాలుగేళ్ళ 240 రోజులు చాలని మద్రాస్ హైకోర్టు ఒక తీర్పులో అన్నది కానీ అన్ని కంపెనీలూ దాన్ని ఒప్పుకోవు, కొట్లాడే ఓపిక మీకుండాలి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు, అంటే కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి కదా, వాటి ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంత కాలమని ముందే రాసుకున్న కాంట్రాక్ట్ మీద పనిచేసేవాళ్ళకి ఏడాదికే గ్రాట్యుటీ. ఇంకోటి, రాజీనామా చేసినా సరే రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ అంటోంది. ఇన్నాళ్ళూ ఫుల్ అండ్ ఫైనల్ (ఆఖరి లెక్క) అని 45 రోజులు తిప్పించుకున్న అలవాటు మాది, మారడానికి టైమ్ పడుతుంది, మీరు మాత్రం అడగండి.

పీఎఫ్ డబ్బు తీసేసుకుని బైక్ కొనుక్కోకండి. కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి, యూఏఎన్, అంటే మీ పీఎఫ్ నంబర్, ఎక్కడ పనిచేసినా ఒకటే కాబట్టి ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. అయిదేళ్ళ సర్వీసు లేకుండా 50,000, ఆపైన తీస్తే టీడీఎస్ అని పన్ను ముందే కోస్తారు, పెన్షన్‌కి కావాల్సిన పదేళ్ళ లెక్క కూడా చెడుతుంది. పాత కంపెనీ మీ డేట్ ఆఫ్ ఎగ్జిట్ వేయకుండా నాన్చితే, వాళ్ళు ఆఖరిసారి పీఎఫ్ కట్టిన నెల దాటాక రెండు నెలలు ఆగి మీరే పోర్టల్‌లో వేసుకోవచ్చు.

ఇన్సూరెన్స్ మాట మర్చిపోయేవాణ్ణి. ఆఫీస్ ఇచ్చిన గ్రూప్ పాలసీ మామూలుగా ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. అమ్మకి మోకాలి ఆపరేషన్ వచ్చే నెలకి పెట్టుకుని ఈ నెలాఖరుకి రిలీవ్ అయినవాళ్ళున్నారు. కొత్త ఆఫీసులో అమ్మానాన్నలకి కవర్ ఉందా, ఎప్పటి నుంచి అని అడిగాకే తేదీ ఖాయం చేసుకోండి.

బయటి దేశాల్లో మనవాళ్ళు వింటుంటే వాళ్ళకో మాట. దుబాయ్ వైపు అంటే యూఏఈలో నోటీస్ 30 నుంచి 90 రోజుల మధ్య ఉంటుంది, ప్రొబేషన్‌లో ఉండగానే దేశం వదిలి వచ్చేస్తుంటే 14 రోజులు. చెప్పకుండా వచ్చేస్తే మళ్ళీ వెళ్ళడం కష్టమవుతుంది, నిజామాబాద్, జగిత్యాల వైపు ఇలా ఇరుక్కున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. అమెరికాలో రెండు వారాలు ముందు చెప్పడం మర్యాద, మామూలుగా అయితే చట్టం అడగదు, కానీ హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం ఆగిన రోజు నుంచి 60 రోజులే గడువు, అది కూడా అక్కడ ఉండడానికి ఇచ్చిన అనుమతి అంతకన్నా ముందే అయిపోకపోతేనే. అందుకని అక్కడ ముందు చూసుకోవాల్సింది కొత్త కంపెనీ మీకోసం పెట్టే వీసా పిటిషన్, ఆ తర్వాతే బాస్‌కి గుడ్‌బై.

ఇంక ఆఖరి రోజు. పని అప్పగించడం అంటే గంటసేపు మీటింగ్ పెట్టి "అన్నీ ఫోల్డర్‌లో ఉన్నాయి" అనడం కాదు. మీ తర్వాత వచ్చేవాడు సోమవారం పొద్దున కుర్చీలో కూర్చుని మొదట దేనికి తడుముకుంటాడో అది రాసిపెట్టండి. ఏ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది, ఏ కస్టమర్‌కి ఏ మాటిచ్చాం, ఏ బిల్లు సగంలో ఆగింది, ప్రింటర్ మొరాయిస్తే ఎక్కడ తట్టాలి. లాప్‌టాప్, ఛార్జర్, ఐడీ కార్డ్ ఇచ్చేసి అందుకున్నట్టు సంతకం తీసుకోండి, ఛార్జర్ ఇవ్వలేదని 3,000 కోసిన ఫైళ్ళు ఎన్ని చూశానో. సమోసాలు తెప్పిస్తే అందరితో పాటు సెక్యూరిటీ ఆయనకి కూడా రెండు పంపండి.

రిలీవింగ్ లెటర్‌లో పేరు, తేదీలు అక్కడే నిలబడి చదవండి, తప్పుంటే ఆ రోజు అయిదు నిమిషాల పని, ఆర్నెల్ల తర్వాత ఆరు వారాల పని. సొంత మెయిల్, ఫోన్ నంబర్ పేరోల్ వాళ్ళకి రాసిచ్చి రండి, జీతంలో పన్ను కోసినట్టు ఇచ్చే సర్టిఫికెట్, అదే అందరూ ఫారం 16 అనేది, వచ్చేది జూన్‌లో, అప్పటికి మీరు అక్కడుండరు, పంపుదామంటే మాకు మీ అడ్రస్ తెలీదు. మెట్లు దిగేముందు ఒకసారి బ్యాగ్ పక్క జేబు కూడా తడిమి చూసుకోండి. ఉంటానండీ, నమస్కారం.