గ్రానీతా గోలా కాదు: సిసిలీ నిమ్మ మంచు, అసలు పద్ధతి

గ్లాసులో గ్రానీతాను, అంటే ఇటలీలోని సిసిలీ ద్వీపంలో చేసే తియ్యటి మంచును చూసి ఐస్ గోలా అనుకుంటున్నారా? గోలాలో ముందు ఐసు, తర్వాత పైన పోసే రంగు సిరప్. రెండుసార్లు పీల్చేసరికి చప్పటి తెల్ల ఐసు మిగులుతుంది. గ్రానీతాలో నీళ్లు, పంచదార, రసం ముందే కలుస్తాయి, ఆ కలిపినదాన్నే కలియబెడుతూ గడ్డకట్టిస్తారు. అడుగు చెంచా దాకా ఒకటే రుచి. గోలాకు అసలు చుట్టం సిసిలీ రాజధాని పలెర్మో వీధుల్లో ఉంది: ఐసు దిమ్మను గీరి సిరప్ పోసే గ్రత్తతెల్లా.

ఫ్రిజ్ లేని కాలంలో సిసిలీకి మంచు ఎట్నా అగ్నిపర్వతం మీద నుంచి దిగేది. చలికాలంలో నెవరోలి అనే మంచు కూలీలు దాన్ని గోతుల్లో తొక్కి దట్టించి, గడ్డీ ఆకులూ కప్పేవాళ్లు. ఎండాకాలం దిమ్మలుగా కోసి కంచరగాడిదల మీద ఊళ్లకు తెచ్చేవాళ్లు. మొదట్లో ఆ మంచునే గీరి నిమ్మరసం పిండుకునేవారు. అంటే అప్పుడది గోలాయే! మంచులో ఉప్పు కలిపితే ఇంకా చల్లబడుతుందన్నది అక్కరకొచ్చాక పద్ధతి మారింది. చెక్క బకెట్టులో మంచూ ఉప్పూ, మధ్య లోహపు పాత్రలో తియ్యటి నిమ్మరసం. ఇక మంచు తినడానికి కాదు, చల్లబరచడానికి. నిమ్మ, చెరకు మాత్రం అరబ్బుల పాలన నాటి నుంచి ఆ ద్వీపంలో ఉన్నవే.

ఇప్పుడు కొలతలు. నీళ్లు 500 మి.లీ., పంచదార 180 గ్రాములు, నిమ్మరసం 200 మి.లీ. ఇవి అక్కడి పెద్ద నిమ్మకాయల లెక్క. మన చిన్న నిమ్మకాయలైతే పులుపెక్కువ, 150 మి.లీ. రసం చాలు, తగ్గిన 50 నీళ్లతో నింపండి. పంచదార కరిగేదాకా నీళ్లు వేడిచేసి దించి, నిమ్మ తొక్క పైపొరను తురిమి 10 నిమిషాలు నాననిచ్చి వడకట్టండి. తొక్క కింది తెల్లపొర పడిందంటే చేదు ఖాయం. పూర్తిగా చల్లారాకే రసం పోయండి, వేడిలో పోస్తే వాసన ఎగిరిపోతుంది. ఇప్పుడు రుచి చూస్తే తీపి కాస్త ఎక్కువనిపించాలి, చల్లబడ్డాక నాలుకకు తీపి తగ్గుతుంది.

అందుకని పంచదార తగ్గించే పని మాత్రం పెట్టుకోకండి. మొత్తంలో అది దాదాపు అయిదోవంతు ఉంది, తీపికే కాదు, నీళ్లన్నీ ఒక్కసారే గడ్డకట్టకుండా ఆపేది కూడా అదే. సగానికి తగ్గిస్తే ట్రేలో బండరాయి. రెట్టింపు చేస్తే ఎంతసేపు పెట్టినా జావే.

వెడల్పాటి స్టీలు ట్రేలో 2 సెంటీమీటర్ల లోతుకు మించకుండా పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. గంటకు అంచులు గడ్డకడతాయి. ఫోర్కుతో అంచుల నుంచి గీరి మధ్యకు లాగండి. ఆ తర్వాత అరగంటకోసారి, నాలుగైదుసార్లు. అంతా కలిపి మూడు గంటల పైమాటే. మర్చిపోయి దిమ్మకట్టిందా? 10 నిమిషాలు బయట ఉంచి గీరండి. సిసిలీలోని కతానియా నగరం వైపు కావాలనుకునే మెత్తదనం కోసం చివర్లో మిక్సీని రెండే రెండు సార్లు తిప్పండి, మూడోసారి తిప్పితే నీళ్లు.

రుచుల మాటకొస్తే ఊరికో పంతం. మెస్సీనాలో కాఫీ గ్రానీతా మీద గిలకొట్టిన మీగడ. కతానియాలో బాదం, దగ్గరి బ్రోంతే ఊరి పిస్తా. వేసవిలో నల్ల మల్బరీ. త్రాపాని వైపు మల్లెజాతి పూలు నానబెట్టిన నీళ్లతో. కాఫీది ఇంట్లో తేలిక: చిక్కటి డికాక్షన్ 400 మి.లీ., పంచదార 100 గ్రాములు, మిగతాదంతా ఇదే పద్ధతి.

అక్కడ వేసవిలో ఇది పొద్దుటి టిఫిను. పక్కన బ్రియోష్ అనే మెత్తటి బన్ను, దాని నెత్తిన చిన్న ముడి. ఆ ముడిని తుప్పో అంటారు, సిసిలీ భాషలో జడకొప్పే. ముందు కొప్పు తుంచి, గ్రానీతాలో ముంచి నోట్లో వేసుకోవాలి.