కుచ్చుల బొంత: పొరలు ఎన్ని, మధ్యలో ఏ గుడ్డ?

[టేబుల్ మీద మూడు చిన్న బొంతలు. చెయ్యి ఒక్కొక్కదాన్ని ఎత్తి చూపిస్తుంది.]

ఇదిగో, ఈ మూడూ నేను కుట్టినవే. ఇది మొదటిది. ఎత్తితే బరువు, కప్పుకుంటే ఉడుకు. ఇంట్లో ఎవరూ ముట్టుకోరు, బీరువా పైన పడి ఉంది. ఇది రెండోది. రంగులు బాగానే కుదిరాయి గానీ అంచులు చూడండి, కోత కోసిన జొన్నచేనులో కొయ్యకాళ్ళలా మొద్దుగా నిలబడ్డాయి. కుచ్చే రాలేదు. ఇక ఈ మూడోది మా మేనకోడలిది. ఇది పక్కన లేకపోతే ఆ పిల్ల పడుకోదు. ఉతకడానికి తీసుకోవాలన్నా బతిమాలుకోవాలి.

మూడింటికీ కొలత ఒకటే, కుట్టు ఒకటే. తేడా అంతా పొరల్లో ఉంది. ఈ వీడియో దాని గురించే.

[మూడో బొంత కుచ్చు దగ్గరి షాట్. వేలితో దువ్వుతున్నట్టు.]

దీన్ని ఇంగ్లీషులో రాగ్ క్విల్ట్ అంటారు. నేను కుచ్చుల బొంత అంటాను. మా అవ్వ కుట్టే బొంతకూ దీనికీ పోలిక ఉంది, తేడా కూడా ఉంది. అవ్వ పాత చీరలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచి, చుట్టూ అంచు లోపలికి మడిచి, దబ్బనంతో ఈ కొస నుంచి ఆ కొసకు బారుగా కుట్టేది. చిరిగిన అంచు బయట కనబడితే ఆమెకు నామోషీ. ఇక్కడ మాత్రం అంచు కనబడటమే అందం. చదరపు ముక్కలు కోస్తాం. ప్రతి ముక్కనూ పొరలు పొరలుగా పేర్చి, మధ్యలో ఇంటూ గుర్తులా మిషన్ కుట్టు వేస్తాం. తర్వాత ముక్కల్ని కలిపేటప్పుడు మార్జిన్, అంటే కుట్టుకు అవతల మిగిలే అంచు, లోపలికి పోకుండా పైకి వచ్చేలా వీపుకు వీపు ఆనించి కుడతాం. పైకి వచ్చిన మార్జిన్‌ను చిన్న చిన్నగా కత్తిరించి ఉతికితే దారాలు విడిపోయి ఇలా కుచ్చవుతుంది.

గమనించారా? ముక్క మధ్యలో దాగి ఉన్న గుడ్డ కూడా అంచు దగ్గర బయటికి వస్తుంది. ఈ కుచ్చులో తెల్లగా కనిపిస్తున్నది పై గుడ్డ కాదు, అడుగు గుడ్డ కాదు. మా తాత పంచె. అందుకే నేను పై గుడ్డ ప్రింటు దగ్గర మొదలుపెట్టను. మధ్యలో ఏం పెట్టాలో తేల్చుకున్నాకే బజారుకు పోతాను.

[మేడ మీద ఎండ. తీగ మీద ఆరుతున్న దుప్పట్లు.]

మాది అనంతపురం. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. చలి అంటే డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున కాసేపు. ఈ రకం బొంతలు కుట్టడం చూపించేవాళ్ళలో చాలామంది మంచు పడే దేశాలవాళ్ళు. వాళ్ళు మధ్యలో దూది పట్టీ, అంటే పొరలా అతికి వచ్చే దూది, పెట్టమంటే వాళ్ళకు అది సరైనదే. నేను ఆ మాట పట్టుకుని మొదటి బొంతలో పాలిస్టర్ దూది పట్టీ పెట్టాను. పైన ఫ్లానెల్ అనే నూగు లేచిన మెత్తని నూలు గుడ్డ, కింద ఫ్లానెల్, మధ్యలో అది. కడపలోనో కర్నూలులోనో ఆ బొంత కప్పుకుని పడుకోమంటే అది శిక్ష కిందే లెక్క.

మరి దూది వద్దంటే ఏం పెట్టాలి?

ఏమీ పెట్టకపోయినా తప్పు లేదు. రెండు ఫ్లానెల్ పొరలతో కుట్టిన బొంత మన దగ్గర పది నెలలు పనికొస్తుంది. కాకపోతే కుచ్చు కాస్త పల్చగా వస్తుంది, ఎందుకంటే కుట్టుకు ఒక్కో వైపు రెండే పొరలు ఉంటాయి. మూడో పొర చేరితేనే కుచ్చు గుబురుగా ఉంటుంది. ఆ మూడోది కూడా ఫ్లానెలే పెడతారు కొందరు. కర్నూలు, కడప వైపు చల్లటి గచ్చు మీద పిల్లల్ని ఆడించడానికి పరుపులా వేసుకుంటారంటే అది బాగుంటుంది. కప్పుకోవడానికైతే నాకు బరువనిపిస్తుంది.

నా ఓటు పాత నూలు చీరకు, లేదా పంచెకు. పల్చగా ఉంటుంది, గాలి ఆడుతుంది, చెమట పీలుస్తుంది. పైగా ఇరవై ముప్పై సార్లు ఉతికి ఉతికి ముడుచుకోవాల్సింది ఎప్పుడో ముడుచుకుపోయి ఉంటుంది.

[పాత చీరను కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకున్న షాట్.]

అయితే పాత చీర అంతా ఒకేలా ఉండదు. ఇలా వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ఇక్కడ, కూర్చునే చోట, దారాల మధ్య సందులు కనిపిస్తున్నాయి కదా? అక్కడ రెండు బొటనవేళ్ళు దగ్గరగా పెట్టి ఇలా లాగండి. [పర్రుమన్న చప్పుడు.] పోయింది. ఇది మసిగుడ్డకే. కుచ్చిళ్ళ లోపలి మడతలు, రవిక వైపు కొస, అంచు పక్కన ఉండే గుడ్డ, ఇవి గట్టిగా ఉంటాయి. ఐదున్నర మీటర్ల చీరలో 8 అంగుళాల ముక్కలు వందకు పైగా వస్తాయి. మనకు కావలసినవి 42. కాబట్టి నలిగిన చోటు వదిలేయడానికి మొహమాటపడొద్దు. సింథటిక్ చీరలు మాత్రం వద్దే వద్దు. పట్టు కూడా వద్దు. ధర్మవరం చీర ఎంత పాతదైనా దాని దారి వేరు, దీని దారి వేరు.

ఇంకో మాట. మనకు ఆదోని పత్తి మార్కెట్టు దగ్గరే, ఏకిన దూది దొరకడం కష్టం కాదు కదా, అదే పరిచేద్దామా అని నాకూ అనిపించింది. వద్దు. రజాయికి కుట్లు దగ్గర దగ్గరగా పడతాయి కాబట్టి దూది నిలుస్తుంది. ఇక్కడ ఒక్కో ముక్కకు ఒక్క ఇంటూ గుర్తే. రెండు ఉతుకులకు దూదంతా మూలలకు చేరి ఉండలు కట్టేస్తుంది. దూదే కావాలంటే పట్టీలా అతికి వచ్చేది కొనండి, దాన్ని ముక్క కంటే చిన్నగా కోయండి. 8 అంగుళాల ముక్కకు ఆరున్నర చాలు, కుట్టులోకి రాకూడదు. చీర ముక్కను మాత్రం పూర్తిగా 8 అంగుళాలే కోయాలి, అది కుట్టులో పడి కుచ్చులోకి రావాలి కాబట్టి.

[పాతూరు బజారు వీధి. గుడ్డల దుకాణం కౌంటరు.]

ఇక ఫ్లానెల్. చంటిపిల్లల్ని చుట్టడానికి తెస్తామే, నూగు లేచిన మెత్తని గుడ్డ, అదే. నూలు గుడ్డ నేసిన తర్వాత దాని ముఖాన్ని సన్నటి తీగల బ్రష్షులతో రేపుతారు, ఆ నూగు అలా లేస్తుంది. అందుకే వెచ్చగా ఉంటుంది. నేత వదులుగా ఉంటుంది కాబట్టి త్వరగా విడిపోతుంది కూడా. మనకు కావలసింది ఆ విడిపోవడమే.

దుకాణంలో నా బేరం ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది.

"అన్నా, ఇది ప్యూర్ కాటనేనా?"
"కాటనేమ్మా, చేత్తో పట్టుకుని చూడు, ఎంత మెత్తగా ఉందో!"

మెత్తదనం ఏమీ చెప్పదు. నా రెండో బొంత అక్కడే దెబ్బతింది. మెత్తగా ఉందని తెచ్చుకున్నది ఫ్లీస్. అది నేసిన గుడ్డ కాదు, పాలిస్టర్‌తో అల్లిన గుడ్డ. ఎన్నిసార్లు ఉతికినా దాని అంచు విడిపోదు. అందుకే ఆ కొయ్యకాళ్ళు.

[గుడ్డ ముక్క, గోరుతో దారం లాగుతున్న దగ్గరి షాట్.]

కాబట్టి పీసు కోసిన అంచు దగ్గర గోరుతో ఒక దారం లాగి చూడండి. సులువుగా, పొడుగ్గా వస్తే మనదే. అల్లిన గుడ్డకు ఇలా దారం రాదు. ఇంకా అనుమానంగా ఉంటే నాలుగు దారాలు ఇంటికి తెచ్చి పట్టకారుతో పట్టుకుని అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడైపోతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి, చివర గట్టి పూసలా ముద్ద కడుతుంది. చల్లారాకే ముట్టుకోండి.

ముదురు ఎరుపు, నీలం లాంటి రంగులైతే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. కుచ్చులో తెల్ల పంచె ఉన్నప్పుడు రంగు దిగితే ఇక మన ఏడుపు ఎవరు వింటారు?

పైకీ అడుగుకీ రెండింటికీ ఫ్లానెలే ఉండాలని లేదు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లు ఎన్నో కదా, అక్కడి డెనిమ్ ముక్కలు చేతికొస్తే వదలకండి. డెనిమ్‌కు తెల్లటి కుచ్చు చక్కగా వస్తుంది. అయితే పైన డెనిమ్, కింద ఫ్లానెల్, అంతటితో ఆపేయాలి. మూడో పొర పెడితే మిషన్ ఏడుస్తుంది. ఎమ్మిగనూరు చేనేత దుప్పటి పాతది ఉన్నా అంచు బాగా విడిపోతుంది. నేనింకా దాన్ని కోయలేదు, మనసు రాలేదు.

[నోట్‌బుక్‌లో లెక్క.]

కొలతలు చెప్తాను, రాసుకోండి. 8 అంగుళాల చదరాలు, అడ్డంగా 6, నిలువుగా 7, మొత్తం 42. చుట్టూ అర అంగుళం మార్జిన్ పోతే ఒక్కోటి 7 అంగుళాలు మిగులుతుంది. బొంత దాదాపు 42 అంగుళాల వెడల్పు, 49 అంగుళాల పొడవు వస్తుంది, చుట్టూ అర అంగుళం కుచ్చు అదనం. గుడ్డ పన్నా, అంటే వెడల్పు, 44 అంగుళాలైతే వరుసకు 5 ముక్కలు, 9 వరుసలు, అంటే 72 అంగుళాలు. 2 మీటర్ల లోపే. కానీ నేను పైకి రెండుంపావు, కిందికి రెండుంపావు తెస్తాను. ఆ పావు ఎందుకంటే ఫ్లానెల్ ముడుచుకుంటుంది.

ఎంత ముడుచుకుంటుందో ఎవరినీ అడగక్కర్లేదు. 8 అంగుళాల ముక్క కోసి, వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి మళ్ళీ కొలవండి. నేను పోయినసారి తెచ్చింది 8 నుంచి ఏడున్నరకు దిగింది. మూడు పొరలూ కొత్త ఫ్లానెలే అయితే ముందు ఉతకకపోయినా పర్వాలేదు, అన్నీ కలిసి ముడుచుకుంటాయి. మధ్యలో పాత చీర పెడుతున్నాం కాబట్టి ముందే ఉతకాలి. లేకపోతే పైదీ కిందిదీ ముడుచుకుని, మధ్యలో చీర ముక్క ఎటూ పోలేక లోపల ముడతలు పడి కూర్చుంటుంది.

ఉతికిన ఫ్లానెల్ సాగుతుంది, కోస్తుంటే చదరం కాస్తా పతంగి అవుతుంది. దీనికి మన ఇంటి మందే ఉంది. పల్చటి గంజి పెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి, అప్పుడు కోయండి. మొదటి ఉతుకులో గంజి ఎలాగూ పోతుంది. కోసేటప్పుడు దారం వెంబడే కోయాలి, ఏటవాలుగా వద్దు. కుచ్చు ఎలా వస్తుందంటే, కుట్టుకు సమాంతరంగా ఉన్న దారాలు రాలిపోతాయి, అడ్డంగా ఉన్నవి కుట్టు పట్టుకుని నిలుస్తాయి. ఏటవాలుగా కోస్తే రెండూ సగం సగం పట్టుకుని అంచు విడిపోదు.

[మిషన్ పాదం కింద నాలుగు ముక్కలు కలిసే చోటు. దగ్గరి షాట్.]

ఇక్కడ ఆగండి. మూడు పొరల బొంతలో మామూలు కుట్టు కింద ఆరు పొరలుంటాయి. నాలుగు ముక్కలు కలిసే ఈ మూల దగ్గర లెక్కపెట్టండి, పన్నెండు. నా మొదటి సూది ఇక్కడే విరిగింది, ముక్క ఎగిరి కళ్ళద్దాలకు తగిలింది. అందుకే 16 నంబరు సూది, కుట్టు పొడవు కాస్త పెద్దది, 3 మిల్లీమీటర్లు. మార్జిన్లు రెండు వైపులకూ విప్పి పరిచి, మూల రాగానే మోటారు ఆపి, చక్రం చేత్తో తిప్పండి. మీ మిషన్ పాతదైతే, అక్కడ దారం తెగుతూ ఉంటే, మొండికి పోకుండా రెండు పొరల బొంతకు దిగండి. మూల దగ్గర ఎనిమిదే ఉంటాయి.

కత్తిరింపు సంగతి త్వరగా చెప్పేస్తాను. అర అంగుళానికొకటి, కుట్టుకు ఇంత దూరంలో, గోరంచు మందం ముందే ఆగాలి. కుట్టు తెగితే అక్కడ కన్నం. మొత్తం ఎన్ని కత్తిరింపులో ఒక రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. విప్పిన మార్జిన్లు రెండు వైపులా విడివిడిగా కోస్తాం కదా, 2,300 దాటాయి. ప్రతిసారీ మూడు పొరలు. టీవీ ముందు కూర్చుని నాలుగు రోజుల్లో పూర్తి చేయండి. ఒక్క రోజులో చేద్దామంటే బొటనవేలికి బొబ్బ గ్యారంటీ.

చంటిబిడ్డకు కుడుతున్నవాళ్ళకు ఒక్క మాట. ఏడాది లోపు పిల్లలు నిద్రపోయేటప్పుడు పక్కలో వదులు దుప్పట్లు ఉండకూడదని పిల్లల డాక్టర్లు చెబుతారు. బొంతకూ అదే వర్తిస్తుంది. అప్పటిదాకా మీరు ఎదురుగా ఉన్నప్పుడు కింద పరిచి ఆడించండి. ఊడిన దారాలు నోట్లో పెట్టుకోకుండా ముందే రెండు మూడు సార్లు ఉతికి దులిపేయండి.

[బకెట్టులో బొంత. నీళ్ళ మీద తేలుతున్న దారాలు.]

ఆ మొదటి ఉతుకు వాషింగ్ మిషన్‌లో వద్దు, ఫిల్టరంతా దారాలతో నిండిపోతుంది. బకెట్టులో జాడించి, నీళ్ళు పాత గుడ్డ మీదుగా వడకట్టి పారబోయండి, లేకపోతే బాత్రూం తూము మూసుకుపోతుంది. పిండి, మేడ మీదికి తీసుకెళ్ళి, గట్టిగా దులిపి ఆరేయండి. సగం ఆరాక మళ్ళీ దులపండి. కుచ్చు అప్పుడు విచ్చుకుంటుంది.

దులిపే ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకోండి. మా పక్కింటి పిన్నమ్మ ఆ రోజు మేడ మీద వడియాలు పెట్టిందని నేను చూసుకోలేదు. సాయంత్రం పళ్ళెం పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడి, "ఏమ్మే, వీటికి కూడా కుచ్చులు కుట్టావా?" అని అడిగింది.