పచ్చగా ఉన్నదంతా మేతేనా?

[దృశ్యం: ములుగు దారి పక్కన గుట్ట, నిండా పచ్చగా. గొర్ల మంద మాత్రం రోడ్డు అంచునే.]

నమస్తే. ఈ గుట్ట చూడండి, కళ్లు చల్లబడేంత పచ్చగా ఉంది. మరి ఇన్ని గొర్లు దాన్ని వదిలేసి రోడ్డు పక్కన గరిక ఎందుకు గీక్కుంటున్నాయి? ఎందుకంటే ఆ పచ్చదనంలో ఎక్కువ భాగం సర్కారు తుమ్మ, వయ్యారిభామ. జీవాలకు పనికొచ్చే గడ్డి అడుగున ఎక్కడో నాలుగు పరకలు.

ఉపగ్రహ చిత్రాలు చూసి "పచ్చదనం పెరిగింది కదా" అంటారు కొందరు. ఉపగ్రహం ఆకు ఎంత పచ్చగా ఉందో కొలుస్తుంది, దాన్ని గొర్రె తింటుందా లేదా అన్నది కాదు.

అసలు మార్పు వాన దగ్గర మొదలవుతుంది. ఏడాది మొత్తం లెక్క చూస్తే పెద్ద తేడా కనబడకపోవచ్చు. వాన పడే తీరే మారింది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. తెలంగాణ మొత్తం మీద ఏడాది సగటే దాదాపు 900. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, 1901 నుంచి దేశం మొత్తం మీద అత్యంత పొడి ఆగస్టు.

[దృశ్యం: వాన కోతకు మొరం తేలిన చెలక.]

గడ్డికి ఈ రెండూ దెబ్బే. కుండపోతకు గుట్టల మీది పలుచని మట్టి కొట్టుకుపోయి మొరం తేలుతుంది. తర్వాత వాన మొహం చాటేస్తే, తొలకరికి మొలిచిన ఏకవార్షిక గడ్డి గింజ కట్టకముందే ఎండిపోతుంది. గింజ రాలకపోతే వచ్చే ఏడు మొలిచేదేముంది? ఏళ్ల తరబడి బతికే గడ్డి దుబ్బులు వేళ్లలో దాచుకున్న శక్తితో మళ్లీ చిగురిస్తాయి. కానీ చిగురు వేసిన ప్రతిసారీ మంద కొరికేస్తే ఆ నిల్వ కూడా అయిపోతుంది. చేలల్లోనూ ప్రమాదమే: నీళ్లందక గిడసబారిన లేత జొన్నలో నాము అనే విషం చేరుతుంది. మేసిన జీవం కాసేపట్లోనే పడిపోతుంది.

ఇక గాలి సంగతి. పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల భాగాల్లో 280 ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. మన బీళ్లలోని గడ్డిజాతులు చాలావరకు తక్కువ కార్బన్ డయాక్సైడ్‌తోనే బాగా పెరగగలవు, కాబట్టి అది పెరిగినా వాటికి పెద్దగా కలిసొచ్చేది లేదు. తుమ్మ, లాంటానా లాంటి చెట్లూ పొదలూ మాత్రం లాభపడతాయి.

సర్కారు తుమ్మకు ఇంకో సాయం కూడా ఉంది. తియ్యని కాయల కోసం జీవాలు ఎగబడతాయి. గింజ అరగదు, పెంటికలతో బయటపడి ఇంకా సులువుగా మొలుస్తుంది. అంటే మందే తన మేతకు అడ్డుపడే చెట్టును ఊరూరా నాటుకుంటూ పోతోంది.

[దృశ్యం: నిండు చెరువు, పక్కన యాసంగి వరి.]

అన్నీ వాతావరణం మీదికి నెట్టేస్తే తప్పించుకున్నట్టే. 2019 పశుగణనలో తెలంగాణ గొర్రెలు 1.9 కోట్లు, దేశంలోనే ఎక్కువ. 2012లో 1.28 కోట్లే. 2017లో మొదలైన పంపిణీ పథకం యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. గొర్రెలైతే ఇచ్చారు, బీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి? బంచరాయి, అంటే ఊరుమ్మడి మేత భూములు ఆక్రమణలకు పోయాయి, కొన్ని గుట్టలు గ్రానైట్‌కు. కాలువ నీళ్లొచ్చి యాసంగిలోనూ వరి వేస్తున్నారు, రైతులకు మంచిదే. కాని ఒక పంట కోశాక ఎండాకాలం దాకా మందకు దొరికిన పొలాలు ఇప్పుడు దొరకవు. వేసవిలో నీళ్లు తగ్గి శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో లేచే లేత గడ్డి కూడా చెరువు నిండుగా ఉంటే ఉండదు. గొల్ల కురుమలు గోదావరి వైపు అడవులకు మందలు తోలుకుపోవడం పాత అలవాటే. అక్కడా చిక్కే: ప్లాంటేషన్లు, కంచెలు, ఫారెస్టోళ్లతో టెన్షన్.

మీ ఊరి బీడు ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి ఉపగ్రహం అక్కర్లేదు. తొలకరికి ముందే ఒక సెంటు జాగాకు ముళ్లకంచె వేయండి. దసరాకు లోపలా, బయట అంతే జాగాలోనూ కోసి, తుమ్మనూ వయ్యారిభామనూ పక్కన పడేసి, మేసే గడ్డి మాత్రమే తూకం వేయండి. ఏటా అదే చోట చేయండి. లోపల గడ్డి బాగా లేస్తే, మేపు ఎక్కువైందని అర్థం. వంతులవారీగా కొన్ని నెలలు మేపు ఆపితే బీడు కోలుకుంటుంది. కంచె లోపల కూడా వయ్యారిభామే లేస్తే, గడ్డి విత్తనం నేలలో మిగల్లేదన్నట్టు. అప్పుడు కాయ పట్టకముందే తుమ్మనూ వయ్యారిభామనూ వేళ్లతో సహా పెకలించి, స్టైలో లాంటి మేత విత్తనం కొత్తగా చల్లాల్సిందే.